విరిగిన ఫోర్కు ఎవరి ఖాతాలోకి?

తొలినాళ్ల టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఒక నిబంధన ఉండేది. దారిలో సైకిల్‌ ఎక్కడ పాడైనా, ఎలా పాడైనా, బాగుచేసుకోవాల్సింది తొక్కేవాడే. పక్కవాళ్లు చెయ్యి వేయకూడదు. మరో సైకిల్ ఎక్కకూడదు. పొద్దున ఏ సైకిల్‌తో బయల్దేరాడో సాయంత్రం గీత దాటేటప్పుడూ అదే ఉండాలి. ఆ సైకిల్‌ను తయారుచేసింది కంపెనీ. గెలిస్తే మర్నాడు పత్రికల్లో ప్రకటన వేసుకునేదీ కంపెనీయే. విరిగితే మాత్రం ఆ నష్టం తొక్కేవాడి నెత్తిన పడేది.

సైకిల్ పందెం ఫ్రాన్స్‌లో ఒక బతుకుతెరువుగా మారిన ఆ తరంలో ఈ లెక్క ఎంత అన్యాయంగా నడిచిందో తెలుసుకోవాలంటే యూజీన్ క్రిస్టోఫ్ కథ చదవాలి. అతను 11 సార్లు టూర్‌లో దిగాడు. ఒక్కసారీ గెలవలేదు. పై వరుసలో ఉండగానే మూడుసార్లు అతని సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. ఫ్రెంచి జనం అతన్ని దురదృష్టవంతుడన్నారు, ఇప్పటికీ అంటారు. కానీ దురదృష్టం అన్న మాటతో సరిపెట్టుకుంటే అసలు విషయం పక్కకుపోతుంది. ఫోర్కును చేసినవాళ్లున్నారు, నిబంధన రాసినవాళ్లున్నారు, ఆ రెండింటి మధ్య నలిగిన కార్మికుడొకడున్నాడు.

క్రిస్టోఫ్ 1885 జనవరి 22న పారిస్‌ను ఆనుకుని దక్షిణాన ఉన్న మాలకోఫ్‌లో పుట్టాడు. నేర్చుకున్నది తాళాల పని. అక్కడ ఆ పనివాడు చేసేది తాళాలూ తాళంచెవులూ మాత్రమే కాదు. గడియలు, కమ్ములు, గేట్లు, ఇనుముతో ఇంటికి కావలసినవన్నీ అతని చేతి మీదుగా పోయేవి. ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు వంగుతుందో, ఎక్కడ సుత్తి వేస్తే చీలుతుందో అతనికి తెలిసి ఉండాలి. ఈ చదువు క్రిస్టోఫ్‌కు తర్వాత ఎలా పనికొచ్చిందో చరిత్రలో నిలిచిపోయింది.

1904లో అతను ప్రొఫెషనల్ అయ్యాడు. టూర్‌కు అప్పటికి ఏడాది వయసు. ‘లోతో’ అనే క్రీడా దినపత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో మొదలుపెట్టిన పందెం అది. పత్రికను నడిపేవాడూ, పందేన్ని తన పిడికిట్లో పెట్టుకున్నవాడూ ఆన్రీ దెగ్రాంజ్. ఎత్తు పారింది, పత్రిక అమ్మకాలు అమాంతం పెరిగాయి. తొక్కడానికి వచ్చినవాళ్లు ఎవరు? మొదటి టూర్ గెలిచిన మోరిస్ గారాన్ చిన్నప్పుడు ఇళ్ల పొగగొట్టాలు తుడిచాడు. 1909లో గెలిచిన ఫ్రాన్సువా ఫాబేర్ రేవులో బరువులు మోశాడు. బెల్జియం నుంచి వచ్చిన ఫిర్మాన్ లాంబో జీనులు కుట్టేవాడు. గనుల్లోనో, కార్ఖానాల్లోనో ఏళ్ల తరబడి సంపాదించేదాన్ని రెండు కాళ్లతో ఒక్క వేసవిలో సంపాదించవచ్చన్న ఆశ వాళ్లను రోడ్డెక్కించింది. క్రిస్టోఫ్ 1906లో మొదటిసారి టూర్‌లో దిగి తొమ్మిదో స్థానంలో ముగించాడు.

వాళ్లు తొక్కిన దూరాలు నేటి లెక్కల్లో ఊహకందవు. ఒక్కో అంచె 300 కిలోమీటర్లు దాటేది, కొన్ని 400 కూడా దాటేవి. తెల్లవారుజామున చీకట్లో బయల్దేరి మధ్యాహ్నం దాటాకో, సాయంత్రానికో చేరేవాళ్లు. మర్నాడు విశ్రాంతి, ఆ మర్నాడు మళ్లీ ప్రయాణం. కొండదారులన్నీ మట్టి, కంకర. ఎండాకాలం దుమ్ము కళ్లలో పడేది, వాన వస్తే బురద గొలుసులో ఇరుక్కునేది. గేర్లు మార్చే సదుపాయం టూర్‌లోకి వచ్చింది 1937లో. అంతకు ముందు, కొండ మొదట్లో ఆగి, వెనక చక్రం ఊడదీసి, అటుది ఇటు తిప్పి బిగించుకోవడమే గేరు మార్చడం. పంచరు పడితే వేసుకోవడానికి టైరును భుజాల చుట్టూ చుట్టుకుని తొక్కేవాళ్లు. క్రిస్టోఫ్‌కు గుబురు మీసాలుండేవి, వాటిని చూసి జనం ముద్దుగా ‘పాత గాల్ వీరుడు’ అన్నారు. తర్వాత్తర్వాత ‘క్రి క్రి’ అనే పిలుపే ఎక్కువగా నిలిచింది.

అతని పేరు మొదటిసారి దేశం దాటింది ఇటలీలో. 1910 ఏప్రిల్ 3న మిలాన్ నుంచి సాన్ రేమోకు పందెం. దాదాపు 290 కిలోమీటర్లు. ఆ ఉదయం మిలాన్‌లో చలి, వాన. తూర్కీనో కనుమ ఎక్కేసరికి మంచు. అరవై మందికి పైగా బయల్దేరినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోయారు. దారి మీద మంచు పేరుకుపోవడంతో క్రిస్టోఫ్ సైకిల్‌ను తోసుకుంటూ నడిచాడు. కడుపులో నొప్పి పట్టుకుంది, వేళ్లు కొయ్యబారిపోయాయి. ఒక రాయి పక్కన కూలబడిపోయాడు. అటుగా వచ్చిన ఒక మనిషి అతన్ని దగ్గర్లోని సత్రానికి చేర్చాడు. సత్రం యజమాని తడిబట్టలు విప్పించి, దుప్పటి చుట్టి, నిప్పు దగ్గర కూర్చోబెట్టాడు. కాసేపటికి ఒంట్లో వేడి పుట్టింది. కిటికీలోంచి చూస్తే ఒళ్లంతా బురద పట్టిన పోటీదారులు ఒక్కొక్కరూ దాటిపోతున్నారు. ఈ వాతావరణంలో వెళ్లొద్దని యజమాని వారించాడు. అతనికి ఏదో సర్దిచెప్పి, పొడవాటి ప్యాంటు ఒకటి వేసుకుని క్రిస్టోఫ్ మళ్లీ రోడ్డెక్కాడు. ముందున్నవాళ్లను ఒక్కొక్కరినీ దాటేశాడు. 12 గంటల 24 నిమిషాలకు సాన్ రేమో చేరాడు. తానే మొదటివాడినన్న సంగతి అతనికి వెంటనే నమ్మబుద్ధి కాలేదు. అతని వెనక వచ్చిన ఇటలీ వీరుడు లూయిజీ గాన్నా దారిలో కారెక్కాడని తేలి అనర్హుడయ్యాడు. చివరికి ఫలితాల్లో మిగిలిన పేర్లు నాలుగే.

ఆ గెలుపు ఖరీదు కూడా చెప్పుకోవాలి. చలికి దెబ్బతిన్న చేతులతో, చిక్కిపోయిన ఒంటితో క్రిస్టోఫ్ నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పాత సత్తువ రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్ల ఆదాయం ఎవరు పూడుస్తారు? ఆ గెలుపు కంపెనీకి పేరు తెచ్చింది, నిర్వాహకులకు దశాబ్దాల పాటు చెప్పుకునే కథ ఇచ్చింది. అతను మాత్రం ఇంట్లో కూర్చుని కోలుకున్నాడు.

1912 నాటికి సత్తువ తిరిగొచ్చింది, అదీ ఎలా! వరుసగా మూడు అంచెలు గెలిచాడు. మూడోది శమోనీ నుంచి గ్రెనోబుల్‌కు, 366 కిలోమీటర్లు, మధ్యలో గలీబియే కనుమ. అందులో దాదాపు 315 కిలోమీటర్లు ఒంటరిగా ముందు తొక్కాడు. టూర్ చరిత్రలో గెలుపుతో ముగిసిన ఒంటరి పరుగుల్లో అంత పొడవైనది ఇంకొకటి లేదు. అయినా టూర్ గెలిచింది బెల్జియం యువకుడు ఒదీల్ డెఫ్రే. అప్పట్లో గడియారం లెక్క కాదు, పాయింట్ల లెక్క. మొదట వచ్చినవాడికి ఒకటి, రెండో వాడికి రెండు, ఇలా. అంచెను గంట తేడాతో గెలిచినా, చక్రం తేడాతో గెలిచినా ఒకటే. కొండల్లో ఒంటరిగా వెళ్లి గంటలు మిగిల్చుకునే క్రిస్టోఫ్ లాంటివాడికి ఇంతకంటే నష్టపు లెక్క ఉండదు. పైగా ఇతర జట్లలోని బెల్జియం వాళ్లు కూడా డెఫ్రేకు సాయం చేస్తున్నారని ఆరోపిస్తూ ఫ్రెంచి వీరుడు ఒక్తావ్ లపీజ్ పందెం మధ్యలోనే వదిలేశాడు. క్రిస్టోఫ్ రెండో స్థానంలో ముగించాడు. మరుసటి ఏడాది దెగ్రాంజ్ పాయింట్లు తీసేసి గడియారాన్ని మళ్లీ తెచ్చాడు.

అంటే 1913 టూర్ క్రిస్టోఫ్ కోసమే తీర్చిదిద్దినట్టుంది. అతను ఇప్పుడు ప్యూజో జట్టులో ఉన్నాడు, 28 ఏళ్లు, మంచి ఊపు మీదున్నాడు.

జులై 9. ఆరో అంచె. బయోన్ నుంచి లుషోన్‌కు 326 కిలోమీటర్లు, పిరనీస్ పర్వతాల మీదుగా. ఓబిస్క్, తూర్మలే, ఆస్పాన్, పెయ్‌రసూర్ద్, వరుసగా కనుమలు. తెల్లవారకముందే బయల్దేరారు. అప్పటిదాకా మొత్తం మీద ముందున్న డెఫ్రే ఆ రోజు అలసిపోయి తప్పుకున్నాడు. రెండో స్థానంలో ఉన్న క్రిస్టోఫ్‌కు ఇక దారి తెరుచుకున్నట్టే. 2,115 మీటర్ల ఎత్తున్న తూర్మలే శిఖరం దాటేటప్పుడు అతనూ, బెల్జియం వాడు ఫిలిప్ తీస్ కూడా అందరికన్నా ముందున్నారు. దిగుడులో క్రిస్టోఫ్‌కు హ్యాండిల్‌లో తేడా తెలిసింది. బ్రేకు వేసి చూస్తే ఫోర్కు పోయింది.

ఆ రోజు తను ఆ మాట బయటకు అనలేదని చాలా ఏళ్ల తర్వాత అతనే చెప్పాడు. ఫోర్కు విరిగిందని చెబితే తనకు జీతమిచ్చే కంపెనీకి చెడ్డపేరు. తాను గెలవాల్సిన టూర్ కళ్ల ముందే చేజారుతుంటే, ఆ కొండ మీద నిలబడి కూడా ఆ మనిషి కంపెనీ పరువు గురించి ఆలోచించాల్సి వచ్చింది. అతని వృత్తి ఎలాంటిదో చెప్పడానికి ఇంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు.

సాయం అడగడానికి వీల్లేదు, అడిగినా చేసేవాళ్లు లేరు. దగ్గర్లో ఉన్న ఊరు సాంత్ మరీ ద కాంపాన్, కొండ కింద, పది కిలోమీటర్లకు పైనే. సైకిల్‌ను భుజానికెత్తుకుని, విరిగిన భాగాన్ని చేత్తో పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. మలుపులు తిరిగే రోడ్డు వదిలి మేకలు నడిచే అడ్డదారులు పట్టాడు. వెనకబడ్డవాళ్లంతా ఒక్కొక్కరూ వచ్చి దాటిపోతుంటే కన్నీళ్లు ఆగలేదని అతను తర్వాత చెప్పుకున్నాడు. ఊరు చేరేసరికి రెండు గంటలు గడిచాయి. కమ్మరి ఎక్కడుంటాడని అడిగితే ఊరి చివరన ఉన్న కొలిమికి దారి చూపించారు.

కమ్మరి పేరు లకోంత్. మంచి మనిషి, తానే అతికించి ఇస్తానన్నాడు. కానీ వెంట వచ్చిన పందెం అధికారులు అక్కడే నిలబడి ఉన్నారు. పోటీ జట్ల తరఫువాళ్లూ చేరారు. కమ్మరి చెయ్యి వేశాడంటే పెనాల్టీ తప్పదు. చెప్పడానికి అడ్డం లేదు కనుక లకోంత్ పక్కన నిలబడి మాట సాయం చేశాడు. క్రిస్టోఫ్ పని అందుకున్నాడు. గొట్టం ముక్క ఒకటి చూసుకున్నాడు, కొలతకు కోశాడు, విరిగిన చోట ఇమిడేలా ఆకురాయితో రుద్దాడు. నిప్పుల్లో పెట్టి ఎర్రగా కాల్చి, దాగలి మీద సుత్తితో సరిచేసి, మళ్లీ కాల్చాడు. చల్లారాక హ్యాండిల్‌లో ఇముడుతుందో లేదో చూశాడు. ఇమడకపోతే మళ్లీ ఆకురాయి. తాళాల పనివాడి చేతులు కనుక ఆగమాగం కాలేదు.

ఒక్క చోటే చిక్కు వచ్చింది. ఒక చేత్తో పట్టుకారు, మరో చేత్తో సుత్తి. మరి కొలిమితిత్తులు ఎవరు ఊదాలి? ఇనుము సరైన వేడికి వచ్చిన క్షణం జారిపోతే అతుకు నిలవదు. అక్కడే ఉన్న ఒక చిన్న కుర్రాడు తిత్తి లాగాడు. అధికారులు దాన్ని రాసుకున్నారు.

పని మూడు గంటల పైనే సాగింది. ఆకలేస్తోంది, ఏదైనా తిని వస్తామని అధికారుల్లో ఒకరంటే, ఆకలైతే ఇక్కడున్న బొగ్గు తినమని క్రిస్టోఫ్ విసురుగా బదులిచ్చాడని చెప్పుకుంటారు. తనను ఖైదీలా కాపలా కాస్తున్నవాళ్లను కదలనివ్వలేదన్నమాట. నిజమే అయి ఉంటుంది. వాళ్లు వెళ్లిపోతే, అతుకు తానే వేశానని రేపు ఎవరు సాక్ష్యం చెబుతారు?

ఫోర్కు నిలబడింది. రొట్టె ముక్కలు జేబుల్లో కుక్కుకుని బయల్దేరాడు. ఇంకా ఆస్పాన్, పెయ్‌రసూర్ద్ రెండూ ఎక్కాలి. చేత్తో అతికిన ఆ ఫోర్కు మీద ఆ రెండు కొండలూ దిగాడు కూడా. లుషోన్ చేరేసరికి అంచె గెలిచిన తీస్ వచ్చి నాలుగు గంటలు కావస్తోంది. క్రిస్టోఫ్‌ది 29వ స్థానం. వచ్చినవాడికి లెక్క అప్పజెప్పారు. కుర్రాడు తిత్తి ఊదినందుకు పది నిమిషాల పెనాల్టీ. నాలుగు గంటలు పోగొట్టుకున్నవాడి మీద పది నిమిషాలు! తర్వాత ఎవరికో మనసు కరిగి దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. టూర్ చివరికి అతను ఏడో స్థానంలో నిలిచాడు.

దెగ్రాంజ్ వైపు న్యాయమే లేదని అనలేం. కంపెనీలకు డబ్బుంది. మెకానిక్కుల్ని, మార్పు సైకిళ్లను రానిస్తే డబ్బున్న జట్టు గెలుస్తుంది, మనిషి కాలి బలం వెనకబడుతుంది, పందెం కంపెనీల సంతగా మారుతుంది. ఆ భయం నిజమైనదే. కానీ మందు తప్పు చోట వేశాడు. కంపెనీని కట్టడి చేయాల్సిన నిబంధన కార్మికుణ్ణి కట్టేసింది. నాసి ఫోర్కు అమర్చిన తయారీదారుడికి జరిమానా లేదు. తిత్తి ఊదిన పిల్లవాడి చెయ్యికి మాత్రం ఉంది. ఆ ఏడాది గెలిచిన తీస్‌కూ ఇది తప్పలేదు. చివరి రోజుల్లో అతని ఫోర్కు కూడా విరిగింది, సైకిల్ దుకాణంలోకి వెళ్లి బాగుచేయించుకున్నందుకు అతనికీ పది నిమిషాలు పడ్డాయి. అప్పటికే తగినంత ఆధిక్యం ఉంది కనుక టూర్ దక్కింది. ఒకే టూర్‌లో ముందు వరుసలోని ఇద్దరి ఫోర్కులు విరిగాయంటే తప్పు దురదృష్టానిది కాదు, ఆ రోడ్లకు ఆ ఇనుము చాలలేదు.

ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఫాబేర్ 1915లో యుద్ధభూమిలో, లపీజ్ 1917లో విమానంలో పోరాడుతూ చనిపోయారు. రెండుసార్లు టూర్ గెలిచిన లూసియాఁ పెతీ బ్రెతోన్ అదే ఏడాది సైనిక విధుల్లో ఉండగా వాహన ప్రమాదంలో పోయాడు. క్రిస్టోఫ్ బతికి వచ్చాడు. అతనికి 34 ఏళ్లు.

1919 టూర్ శిథిలాల మధ్య నడిచింది. ఉత్తరాన, తూర్పున రోడ్లు గుండ్లకు ఛిద్రమైపోయాయి. టైర్లు దొరకవు, ఇనుము దొరకదు. విడివిడిగా జట్లను పోషించే స్తోమత లేక కంపెనీలన్నీ కలిసి ‘లా స్పోర్తీవ్’ పేరుతో ఒకే సంఘంగా నిలిచాయి. అందరికీ ఒకటే బూడిదరంగు చొక్కా. అరవై ఏడు మంది బయల్దేరితే ఫలితాల్లో మిగిలింది పదిమంది. విజేత సగటు వేగం గంటకు 24 కిలోమీటర్లు, టూర్ చరిత్రలో అంత తక్కువ మళ్లీ నమోదు కాలేదు. నాలుగో అంచె నుంచి అందరికన్నా ముందున్నది క్రిస్టోఫ్.

బూడిదరంగు గుంపులో ముందున్నవాణ్ణి గుర్తుపట్టడం రోడ్డు పక్క జనానికి కష్టమైంది. దానికి పరిష్కారంగా, ముందున్నవాడు ప్రత్యేకమైన చొక్కా వేసుకోవాలని నిర్ణయించారు. ‘లోతో’ పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది, చొక్కా కూడా పసుపే అయింది. జులై 19న గ్రెనోబుల్‌లో తెల్లవారుజామున పదకొండో అంచె బయల్దేరే ముందు క్రిస్టోఫ్ దాన్ని తొడుక్కున్నాడు. తనకు 1913లోనే అలాంటి చొక్కా ఇవ్వజూపారని తీస్ వృద్ధాప్యంలో చెప్పాడు గానీ, చరిత్రలో స్థిరపడింది క్రిస్టోఫ్ పేరే. ఆ రంగు చొక్కా అతనికి మొదట్లో నచ్చలేదు. దారి పొడవునా జనం, తోటివాళ్లు పసుపు పిట్టను చూసినట్టు చూసి ఆటపట్టించారు.

పారిస్ చేరడానికి రెండు అంచెలు మిగిలాయి. మెట్జ్ నుంచి డంకర్క్‌కు 468 కిలోమీటర్లు, యుద్ధం నాశనం చేసిన ప్రాంతాల మీదుగా, రాతి పలకలు పరిచిన రోడ్ల మీద. తన వెనకున్న లాంబో మీద క్రిస్టోఫ్‌కు 28 నిమిషాల ఆధిక్యం ఉంది. వాలాన్సియెన్ దగ్గర రెమ్ అనే చోట ఫోర్కు విరిగింది.

ఈసారి వర్క్‌షాప్ దగ్గర్లోనే దొరికింది. అయినా నిబంధన మారలేదు, మళ్లీ తానే నిప్పు ముందు నిలబడి తన చేత్తోనే అతికించుకున్నాడు. గంటకు పైగా పోయింది. దాంతో 28 నిమిషాలూ, చొక్కా, టూర్ అన్నీ లాంబో పరమయ్యాయి. డంకర్క్ నుంచి పారిస్ దారిలో పంచర్ల మీద పంచర్లు పడి, రెండో స్థానం కూడా జాన్ అలవ్వాన్‌కు వెళ్లింది. క్రిస్టోఫ్ మూడోవాడు. అదే టూర్‌లో పాల్ దుబోక్ అనే మరో ఫ్రెంచివాడు విరిగిన పెడల్ భాగం బాగుచేయించుకోవడానికి కారెక్కి వెళ్లినందుకు, అంత దూరం తొక్కాక కూడా ఫలితాల్లోంచి అతని పేరు కొట్టేశారు.

1913లో జనం జాలిపడి ఊరుకున్నారు. 1919లో ఊరుకోలేదు. ‘లోతో’ విరాళాల జాబితా తెరిచింది. సైనికులు, గుమస్తాలు, కార్ఖానా పనివాళ్లు ఒకటీ రెండూ ఫ్రాంకులు పంపారు. బారన్ ఆన్రీ ద రాత్‌షీల్డ్ 500 ఫ్రాంకులిచ్చాడు. దాతల పేర్లు రోజుల తరబడి పత్రికలో అచ్చవుతూనే ఉన్నాయి. మొత్తం 13,310 ఫ్రాంకులు పోగయ్యాయి. టూర్ విజేతకిచ్చే బహుమతి 5,000. అంటే ఓడినవాడికి జనం ఇచ్చింది, గెలిచినవాడికి పందెం ఇచ్చినదానికి రెండున్నర రెట్లు పైనే. నాలుగేళ్ల యుద్ధంలో కొడుకుల్ని, ఇళ్లను, పంటల్ని పోగొట్టుకున్నవాళ్లు అతనిలో తమనే చూసుకున్నారు. తన పని తాను సక్రమంగా చేసి, తన తప్పు లేకుండా పోగొట్టుకోవడం ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కంపెనీ చెల్లించాల్సిన నష్టపరిహారాన్ని దేశం చందాలేసుకుని కట్టిందనాలి.

చాలామంది క్రిస్టోఫ్ కథను ఇక్కడితో ముగిస్తారు. అది అతనికి న్యాయం కాదు. ఆ మరుసటి ఏడాది, 35 ఏళ్ల వయసులో, అతను పారిస్–టూర్ గెలిచాడు. అదే ఏడాది బోర్డో–పారిస్ గెలిచాడు. సుమారు 600 కిలోమీటర్ల ఏకబిగి పందెం అది. 1921లో దాన్ని మళ్లీ గెలిచాడు. పొలాల్లో, బురదలో సైకిల్ మోసుకుంటూ పరుగెత్తే సైక్లో-క్రాస్‌లో అతను ఫ్రాన్స్ జాతీయ విజేత, 1909 నుంచి 1914 దాకా వరుసగా ఆరుసార్లు, 1921లో ఏడోసారి. భుజాన సైకిల్‌తో తూర్మలే దిగగలగడానికి ఈ అలవాటు కూడా సాయపడి ఉంటుంది.

1922లో, 37 ఏళ్ల వయసులో, మళ్లీ పసుపు చొక్కా వేసుకున్నాడు. అంతకన్నా పెద్ద వయసులో దాన్ని వేసుకున్నవాడు ఇంతవరకు లేడు. పిరనీస్‌లో చొక్కా చేజారింది, అయినా ముందు వరుసలోనే సాగుతుండగా ఆల్ప్స్‌లో, గలీబియే దిగుడులో, మూడో ఫోర్కు విరిగింది. మళ్లీ నడక. ఎనిమిదో స్థానం. గెలిచింది మళ్లీ లాంబో. 1925లో, నలభై ఏళ్లకు, చివరి టూర్ తొక్కి 18వ స్థానంలో ముగించి, 1926లో వృత్తి నుంచి తప్పుకున్నాడు.

పెడల్ మీద పాదం జారకుండా పట్టి ఉంచే క్లిప్పులు, పట్టీలు అతని పేరుతో దశాబ్దాల పాటు అమ్ముడయ్యాయి. అతనెవరో తెలియని కుర్రాళ్లు కూడా ఆ పేరున్న క్లిప్పులో పాదం దూర్చి తొక్కారు. 1951లో సాంత్ మరీ ద కాంపాన్‌లోని ఆ పాత కొలిమి దగ్గర ఫ్రెంచి సైక్లింగ్ సమాఖ్య ఒక ఫలకం పెట్టింది. క్రిస్టోఫ్ 1970 ఫిబ్రవరి 1న, 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

అతన్ని అంత నష్టపరిచిన నిబంధన మాత్రం అతను రిటైరయ్యాక కూడా ఇంకొకణ్ణి బలితీసుకుంది. 1929లో విక్తోర్ ఫాంతాన్ పసుపు చొక్కాతో పిరనీస్‌లో తొక్కుతున్నాడు. అతనిదీ 37 ఏళ్ల వయసే, అతనిదీ ఫోర్కే విరిగింది. చీకట్లో ఒక ఊళ్లో తలుపులు తట్టి సైకిల్ ఎరువు తెచ్చుకున్నాడు. బయల్దేరిన సైకిల్‌ను గమ్యంలో చూపించాలి కనుక విరిగిన దాన్ని వీపుకు కట్టుకుని, ఎరువు సైకిల్ మీద వంద కిలోమీటర్లకు పైగా తొక్కాడు. ఇక చేతకాక ఏడుస్తూ ఆగిపోయాడు. పత్రికలు మండిపడ్డాయి. ముందున్నవాడు ఇనుప ముక్క విరిగినందుకు ఇంటికి పోవాలంటే ఇదేం పందెమని నిలదీశాయి.

1930లో దెగ్రాంజ్ దిగివచ్చాడు. కంపెనీ జట్లను తీసేసి జాతీయ జట్లు పెట్టాడు. సైకిళ్లను నిర్వాహకులే ఇచ్చారు, అన్నీ పసుపు రంగువి, ఏ కంపెనీ పేరూ లేనివి. ఆ ఖర్చు కోసం పందెం ముందు వ్యాపార ప్రకటనల వాహనాల ఊరేగింపు నడిపి, వాటి దగ్గర డబ్బు వసూలు చేశాడు. దారిలో సైకిల్ పాడైతే ఇతరుల సాయం తీసుకోవచ్చన్నాడు. ఆ ఏడాది పసుపు చొక్కాలో ఉన్న ఆంద్రే లెదుక్ గలీబియే దిగుతూ పడ్డాడు, ఇంకాస్త దూరంలో పెడల్ విరిగి మళ్లీ పడ్డాడు. రక్తం కారుతూ రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఫ్రెంచి జట్టువాళ్లు చుట్టూ చేరారు. ఒక ప్రేక్షకుడి సైకిల్ నుంచి పెడల్ ఊడదీసి అతని సైకిల్‌కు బిగించారు, లేపి కూర్చోబెట్టారు, గాలికి అడ్డుగా ముందు తొక్కుతూ పారిపోయినవాళ్ల దగ్గరికి చేర్చారు. లెదుక్ ఆ అంచె గెలిచాడు, టూర్ కూడా గెలిచాడు. పెనాల్టీ ఒక్క నిమిషం కూడా పడలేదు.